వెనక సీటు కొలత

పార్థసారథికి, అంటే ఊరివాళ్ల పార్థుస్వామికి, అబద్ధమాడటం చేతకాదు. చేతకాని ఆ పనినే మొన్నటి చలికాలం నుంచి పట్టుబట్టి చేస్తున్నాడు. వారానికోసారి ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సెక్కడం, ఇల్లు కదిలేముందు "పళ్ల డాక్టరు దగ్గరికి పోయొస్తా రుక్కూ" అని భార్యకు చెప్పడం, సాయంత్రానికి గోళ్లసందుల్లో గ్రీజుతో తిరిగి రావడం. ఏ ఊళ్లోనైనా పళ్ల డాక్టరు రోగి చేత నట్లు బిగించుకుంటాడా? రుక్మిణి మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అయ్యో, పళ్లు నొప్పి కదా అని అన్నం గుజ్జుగా పిసికి, పప్పు జారుగా చేసి పెట్టింది. వడలు మానేసింది. అప్పడాల డబ్బా అటకెక్కించింది. అహోబిలం గుడి వంటశాలలో జీవితమంతా పులిహోర కలిపిన మనిషి ఇంట్లో పసిపిల్లల తిండి తిన్నాడు. కాదనే దారి తనే మూసుకున్నాడు మరి.

ఇంతకూ ఆ గ్రీజు నంద్యాలలోని జీవన్ కుమార్ షెడ్డుది. ఆ షెడ్డులో ఉన్నది పార్థు రాజ్‌దూత్. పెళ్లయిన కొత్తలో వాళ్ల నాయన కొనిచ్చిన బండి. రుక్మిణి కాపురానికి వచ్చిన రోజు బస్టాండు నుంచి ఇంటికి దానిమీదే వచ్చింది. నరసింహస్వామి జన్మనక్షత్రం స్వాతి. నెలనెలా ఆ రోజున అహోబిలంలో జరిగే అభిషేకానికి ఇద్దరూ దానిమీదే పోయేవాళ్లు. రుక్మిణి ఎడమవైపుకు కాళ్లు పెట్టుకుని, ఒడిలో తులసిమాలల బుట్ట, కుడిచెయ్యి ఆయన భుజం మీద.

ఆ ప్రయాణం గురించి ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో ఆ ఇద్దరి మాటలూ చింతపండు దగ్గర మొదలై పాలవాడి దగ్గర ముగిసేవి. బండెక్కితే రుక్మిణి వేరే మనిషి. ఊరు దాటి నల్లమల కొండలు కనపడగానే ఆయన ఎడమచెవి దగ్గర మొదలుపెట్టేది. వాళ్ల అమ్మమ్మ చెప్పిన కథలు, పక్కింటి భారతమ్మ కోడలి గొడవ, రాత్రి వచ్చిన కల, ఎవరిమీదా చూపించని కోపాలు. ఎదుటి మొహం కనపడదు కాబట్టి బిడియం ఉండేది కాదు. పార్థు "ఊఁ" కొడుతూ నడిపేవాడు. పెళ్లాన్ని ఆయన నిజంగా ఎరిగింది ఆ రోడ్డు మీదే.

రెండేళ్ల కింద రుక్మిణి దొడ్లో పాచిబండ మీద జారి పడింది. ఎడమ తుంటి విరిగింది. నంద్యాల ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి కీలు మార్చారు. నడక వచ్చింది గానీ, అంత ఎత్తు సీటెక్కి, గతుకుల్లో పాతబండి కుదుపులు ఓర్చుకునే ఒళ్లు కాదది. అప్పట్నుంచి స్వాతి రోజున ఆమె బస్సులో పోయేది, పార్థు ఆ బస్సు వెనకే పొగ మింగుతూ బండిమీద పోయేవాడు. ఆమె వెనక కిటికీలోంచి తొంగి చూసేది. ఆయన చెయ్యి ఊపేవాడు. కొన్నాళ్లకు బండి కూడా మొరాయించింది. ఇక ఇద్దరూ బస్సే, ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో, ఆయన వెనకెక్కడో కడ్డీ పట్టుకుని. పార్థు ఎడమచెవికి కబురు చెప్పేవాళ్లు లేకపోయారు. రుక్మిణి మళ్లీ తన వెనక కూర్చోవాలి, మళ్లీ మాట్లాడాలి. ఆ ఒక్క కోరిక కోసమే ఈ వయసులో ఆయన ఇన్ని దొంగవేషాలు వేశాడు.

"స్కూటీ తీసుకోండి స్వామీ, సుఖంగా ఉంటాది" అన్నాడు జీవన్ మొదటిరోజే.

"దానిమీద కూర్చుంటే నేను సర్కస్‌ ఎలుగుబంటి మాదిరి ఉంటానప్పా. ఈ బండినే బాగు చేస్తావా, లేదా?"

జీవన్ చేశాడు. మామూలుగా కాదు. ఇంజిను మొత్తం విప్పి కొత్తగా బోరు చేయించాడు. నిప్పురవ్వ పుట్టించే పాత పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాడు. ఇదివరకు పొద్దున్నే కిక్కు కొట్టీ కొట్టీ స్వామి పంచె చెమటకు తడిసిపోయేది, ఇప్పుడు ఒక్క తన్నుకే లేస్తుంది. ముందు చక్రానికి డిస్కు బ్రేకు, వెనక గ్యాసు షాకబ్జార్బర్లు, తెల్లటి ఎల్‌ఈడీ దీపం. పెట్రోలు ట్యాంకు మాత్రం పాతదే. దానిమీది గీతలు చెరపడానికి పార్థు ఒప్పుకోలేదు.

వెనక సీటు దగ్గరికొచ్చేసరికి స్వామి మెకానిక్కుకే మెకానిక్కయి కూర్చున్నాడు. తోలు మడికి పనికిరాదు, రెగ్జిన్ కావాలన్నాడు. రుక్మిణి ఇంటిముందు అరుగుమీద కూర్చుని, పాదాలు నేలకు ఆనించుకుని మాలలు కడుతుంది. ఆమె లోపల ఉన్నప్పుడు చూసి ఆ అరుగు ఎత్తును తాడుతో కొలిచి తెచ్చాడు. ఆ కొలతకు ఎంత దగ్గరగా దించగలిగితే అంత దించాడు జీవన్. ఎడమవైపు రెండు పాదాలూ పట్టేంత పలక, చీర చక్రంలో పడకుండా జాలీ, పట్టుకోవడానికి కడ్డీ. కుడివైపు వెనక ఫుట్‌రెస్టు మాత్రం పీకించేశాడు. ఆడమనిషి కూర్చునే సీటుకు కుడివైపు అదెందుకు? పార్థు ఎరిగిన లోకంలో సూర్యుడు తూర్పున పుడతాడు, ఆడవాళ్లు బండిమీద ఒకపక్కకే కూర్చుంటారు.

జీవన్ భార్య వినీత, వాళ్ల కాపురం షెడ్డు వెనకే, స్వామికి కుర్చీ తెచ్చి వేస్తూ ఒకసారి అడిగింది.

"స్వామీ, అమ్మను ఒకతూరి పిల్చకొచ్చి కూసోబెట్టి సూస్తే బాగుంటాది గదా?"

"ముందే చూపిస్తే సంబడం యాడుంటాదమ్మా?"

వినీత మొగుడివైపు ఒక చూపు విసిరి లోపలికి పోయింది. ఆ చూపులో ఏముందో మగవాళ్లిద్దరికీ అర్థం కాలేదు.

బండి ఇంటికొచ్చే ముహూర్తం స్వాతి రోజునే పెట్టుకున్నాడు పార్థు, అటు నుంచి అటే అహోబిలం పోవచ్చని. ఆ పొద్దున మొహం కడిగింది మొదలు వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాడు. రుక్మిణి అరుగుమీద మాల కడుతోంది. వీధి మలుపులో చప్పుడైంది. ఆమె చేతిలో దారం ఆగింది. ఏ కొత్త సామాను తగిలించినా ఆ ఇంజిను గొంతు మారలేదు.

నడుపుతున్నది జీవన్. వెనక చుడీదారులో చెరోవైపు కాలు వేసుకుని వినీత కూర్చుంది. బండప్పగించి ఇద్దరూ బస్సులో వెళ్లిపోవాలని వచ్చారు. దిగగానే జీవన్ స్పానరు తీసి కుడివైపు వెనక ఫుట్‌రెస్టు విప్పాడు. "మా ఇంటిదాని కోసరం బిగించింటి స్వామీ. మీరు వద్దన్న్యారు గదా" అంటూ దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో వేశాడు.

రుక్మిణి లేచి వచ్చి బండి చుట్టూ తిరిగింది. ట్యాంకు మీది గీతలు వేలితో తడిమింది.

"పళ్ల డాక్టరు బాగానే కట్టినాడే" అంది.

పార్థు నోరు తెరిచాడు. "నీకు తెలుసా?"

"పంచెలు ఉతికేది ఎవరనుకుంటాండారు?"

"తెలిసీ నాకు గుజ్జన్నం పెట్టినావా!"

"అబద్ధాలాడేవాళ్లకు వడలు యాడివి?"

జీవన్ నవ్వాపుకోలేక బండి తుడుస్తున్నట్టు అటు తిరిగాడు. రుక్మిణి బండికి కుంకుమ పెట్టింది, పార్థు కొబ్బరికాయ కొట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తర్వాత ఆమె ఎప్పటిలాగే ఎడమవైపుకు తిరిగి సీటుమీద కూర్చుంది. పలకమీద పాదాలు ఆనాయి. కడ్డీ చేతికి అందింది. ఒకసారి పలకనూ, ఒకసారి మొగుణ్నీ చూసింది. ఆమె కళ్లు చెమర్చాయి. పార్థుకు ఇక ఈ జన్మకు ఇది చాలనిపించింది. కిక్కు కొట్టాడు, నిమ్మకాయలు చితికాయి, బండి కదిలింది.

వీధి చివరికి వచ్చేసరికి కొత్త అద్దంలో ఆమె మొహం కనపడింది. పెదవి కొరుక్కుని ఉంది.

"నొస్తాండాదా?"

"లేదు. పోనీండి."

ఆ 'లేదు' ఎలాంటిదో ఆయనకు తెలుసు. బండి ఆపేశాడు. అరుగైతే కదలదు, దానిమీద ఆమె తిన్నగా కూర్చుంటుంది. కదిలే బండిమీద పక్కకు కూర్చుంటే ఆయన్ను పట్టుకోవడానికి నడుము దగ్గర మెలి తిరగాలి. ఆ మెలికే తుంటి ఓర్చుకోవడం లేదు. ఎత్తు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, ఆమెను మాత్రం అడగలేదు.

బండిని తోసుకుంటూ వెనక్కి వచ్చారు, ఆయన ముందు, ఆమె మెల్లగా వెనక. పార్థు ఇంటి మెట్టుమీద కూలబడ్డాడు. ఏడిస్తే బాగుండదని కండువాతో మొహమంతా తుడుచుకున్నాడు.

"అమ్మేయప్పా జీవనా. ఎవరికైనా ఇచ్చేయ్. అడక్కుండా చేసిన నాదే బుద్ధితక్కువ. బస్సులోనే పోతాం."

వినీత రుక్మిణిని పట్టుకుని అరుగుమీద కూర్చోబెట్టింది. రుక్మిణి కాసేపు తుంటి రుద్దుకుంది. కాసేపు వినీత వైపు చూసింది. ఇందాక ఆ పిల్ల బండిమీద ఎంత నిటారుగా కూర్చుని వచ్చిందో ఆమె కళ్లముందు మెదిలినట్టుంది.

"జీవనా, ఇందాక కుడిపక్క ఒకటి విప్పినావే, అది మళ్లా బిగించు నాయనా" అని లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

జీవన్ బిగించాడు. తలుపు చాలాసేపటికి తెరుచుకుంది. రుక్మిణి తొమ్మిది గజాల చీరలో వచ్చింది. వాళ్ల ఇళ్లల్లో పూజలకూ శుభకార్యాలకూ ఆడవాళ్లు కట్టుకునే కట్టే. కచ్చ వెనక్కి దోపడంతో ఏ కాలికాకాలు పంచె కట్టినట్టే విడిగా ఉంటుంది. తాతముత్తాతల నాటి నుంచీ ఆ కట్టుతోనే వాళ్లు వండారు, వడ్డించారు, ప్రదక్షిణాలు చేశారు. ఆ చీరతో బండి కూడా ఎక్కవచ్చునని ఆ వంశంలో ఏ ఒక్కరికీ తట్టలేదు.

"స్వామీ, బండి మెట్టు దగ్గరికి తీయండి" అంది వినీత, అందరికంటే ముందు అర్థమై.

రుక్మిణి మెట్టెక్కింది. ఒక చెయ్యి వినీత భుజం మీద, ఒక చెయ్యి పార్థు భుజం మీద వేసి, ఎడమకాలు మెట్టుమీదే ఉంచి, నొప్పి లేని కుడికాలు అటు వేసింది. సీటు అరుగంత కిందికి దించి ఉండబట్టి అది అందింది, లేకపోతే అందేది కాదు. తిన్నగా, నిటారుగా కూర్చుంది. పక్కింటి భారతమ్మ గడప దగ్గర బుగ్గన చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

"ఏందమ్మో రుక్మిణమ్మా, మొగోళ్ల మాదిరి అట్ల కూసుంటివి!"

"ఉత్సవంలో స్వామి గుర్రం మీద ఎట్లా కూర్చుంటాడు భారతమ్మా? రెండుకాళ్లూ ఒకపక్కకు పెట్టుకునా?"

వినీత గట్టిగా నవ్వేసింది. ఎంతో ఆలోచించి చేయించిన ఎడమవైపు పలకమీద ఆమె ఒక పాదం పోగా మిగిలిన చోట తులసిమాలల బుట్ట కట్టారు. బుట్ట అక్కడ దర్జాగా కూర్చుంది.

వీధి చివర పార్థు అద్దంలో చూశాడు. "నొస్తాండాదా?"

"లేదు" అంది రుక్మిణి. ఈ 'లేదు' నిజంది.

ఊరు దాటింది. రోడ్డు పక్కన చింతచెట్లు చిగురు వేసి ఉన్నాయి. షాకబ్జార్బర్లు గతుకుల్ని మింగేస్తున్నాయి. అంతా ఆయన అనుకున్నట్టే ఉంది, ఒక్కటి తప్ప. రుక్మిణి మాట్లాడటం లేదు. ఆమె చేతులు రెండూ ఆయన భుజాల మీదున్నాయి, మాట మాత్రం లేదు. నల్లమల కొండలు కనపడ్డాయి. ఇదివరకు సరిగ్గా ఇక్కడే మొదలుపెట్టేది. పార్థు ఎడమచెవి ఒగ్గి విన్నాడు. గాలి తప్ప ఏమీ వినపడలేదు. ఆమె కూర్చునే తీరు మారింది కదా, ఆ పాత అలవాటు కూడా దాంతోనే పోయిందేమో అనుకున్నాడు. అడిగి మాట్లాడించుకుంటే అది మాటవుతుందా? ఆయనకు దిగులేసింది.

వెనక నుంచి హారను కొడుతూ అహోబిలం బస్సు దాటిపోయింది. దాని వెనక కిటికీలో ఎవరో కొత్త పెళ్లికూతురు తొంగి చూస్తోంది. రుక్మిణి ఆ కిటికీని కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత ముందుకు వంగి, ఆయన భుజం మీద గడ్డం ఆనించింది. చెవి ఎడమా కుడీ అని చూసుకోలేదు, ఆమె గొంతు మెడ దగ్గరే వినపడింది.

"ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతాంటే నేనేమనుకుంటినో మీకు తెలుసా?"

"ఊఁ?"

"బతుకుతానా లేదా అని కాదు. మళ్లా ఈ బండెక్కేది ఉండదు, ఇంక ఈయనకు ఏం చెప్పుకుంటాలే అని ఏడ్చుకుంటి. చెప్పాల్సినవన్నీ అట్లే లోపల పెట్టుకున్నా. రెండేళ్లవి ఉండాయి. మెల్లగా పోనీండి."

పార్థుకు ఎదురుగా రోడ్డు మసకబారింది. కొత్త డిస్కు బ్రేకు మెత్తగా నొక్కి, బండి వేగం తగ్గించి, "ఊఁ" అన్నాడు.