చుట్టేసిన పద్దెనిమిది కిలోమీటర్లు

పొద్దున్న ఆరింటికి తల్లి షట్టరెత్తేది, కూతురు తొట్టిలో నీళ్లు నింపేది. ఏడు కొట్టేలోపే మొదటి లారీ వచ్చి ఆగేది. విప్పిన ట్యూబుని నీళ్లలో ముంచి బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడటం కూతురి పని. ఆ చోట ఉప్పుకాగితంతో గీకి, సొల్యూషన్ పూసి, అతుకు వెయ్యడం తల్లి పని. హైవే మీద నలభై ఆరో కిలోమీటరు రాయి పక్కన వాళ్లదొక్కటే పంచర్ కొట్టు. డ్రైవర్లందరికీ ఆమె పంచరక్క. కూతురికి పందొమ్మిదేళ్లు. లారీ చక్రాన్ని ఒంటిచేత్తో ఊడదీస్తుందని డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. అందులో సగమైనా నిజమే.

పంచరక్క అన్నగారు రోడ్ల శాఖలో పనిచేసేవాడు. ఆయన రోడ్లు చుట్టేవాడు. గొంతుక్కూర్చుని, తారు అంచు కిందికి పదివేళ్లూ పోనిచ్చి, చాపని చుట్టినట్టు చుట్టుకుంటూ పోయేవాడు. రోడ్డుతోపాటు అటూ ఇటూ ఉన్న చెట్లూ, పొలాలూ, బావులూ లోపలికెళ్లిపోయేవి. లోపల ఎలా ఉన్నవి అలాగే ఉంటాయని అందరికీ తెలుసు. మిగిలిన రెండు అంచుల్నీ కలిపి దిమ్మిసతో నాలుగు దెబ్బలు వేస్తే దారి అతుక్కునేది. మొదట్లో చిన్నచిన్న మలుపులే చుట్టించేవాళ్లు. ఆఫీసులో ఆయన్ని చాపాయన అనేవాళ్లు.

ఆ ఏడు, లారీలూ బస్సులూ వదిలే పొగని ఐదో వంతు తగ్గిస్తామని దేశం తరఫున పెద్దవాళ్లు ఎక్కడో మాటిచ్చి వచ్చారు. కరెంటు బస్సులు రాలేదు. కొత్త రైలు పట్టాలు కాయితం దాటలేదు. గడువు మాత్రం దగ్గరికొచ్చేసింది. ఇంజనీరు చాపాయన్ని పిలిచి, దూరమే లేకపోతే పొగెక్కణ్ణుంచి వస్తుందయ్యా అన్నాడు. రేవుకీ రాజధానికీ మధ్య నలభయ్యో రాయి నుంచి యాభై ఎనిమిదో రాయి దాకా చుట్టెయ్యమన్నాడు. మిగతా చోట్ల మిల్లులున్నాయి, కాలేజీ ఉంది, ఎవరి వియ్యంకుడిదో కోల్డ్ స్టోరేజీ ఉంది. ఇక్కడున్నవి పద్నాలుగు ఇళ్లే.

ఆ మాట చెల్లెలికి చెప్పడానికి చాపాయన బస్సెక్కి వచ్చాడు. పాత టైరు మీద కూర్చుని నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఖాళీ చేసినవాళ్లకి సిటీలో మూడో అంతస్తులో గదిస్తారట. మూడో అంతస్తుకి లారీ ఎక్కుతుందా అని పంచరక్క అడిగింది. తర్వాత చేతిలో పని ఆపకుండానే, "చుట్టనని చెప్పెయ్ అన్నయ్యా" అంది.

"ఇంకెవరికీ రాదే ఆ పని."

"అందుకే చెప్పమంటున్నాను."

మేనకోడలు మంచినీళ్లిచ్చి, పగుళ్లు దేలిన ఆయన వేళ్లు చూసి, బేరింగులకి పూసే గ్రీజు తెచ్చి ఒక్కో వేలికీ రాసింది. "గురువారం కదా మామయ్యా? బుధవారం రాత్రికల్లా మేం సర్దుకుంటాంలే" అంది, ఆయన్ని తేలికపరచడానికి.

పంచరక్క మాత్రం సర్దుకోలేదు. మూడు నెలలు గడువడుగుదామని బుధవారం పొద్దున్నే అర్జీ రాయించుకుని పెద్దాఫీసుకి వెళ్లింది. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి రేపు రమ్మన్నారు. గురువారం మధ్యాహ్నానికల్లా కొత్త దారిలో మంత్రిగారి కారు వెళ్లాలి కాబట్టి, ఆ రోజు చుట్టాల్సింది బుధవారానికే మార్చారని ఆమెకెవరూ చెప్పలేదు.

జీపులో ఇళ్లు చూడటానికి వెళ్లిన గుమస్తాకి పంచర్ కొట్టు షట్టరు సగం దించి కనిపించింది. ఎండకి అలా దించి కూతురు లోపల సామాన్లు కడుతోంది. గుమస్తా జీపు దిగలేదు. మిగతా ఇళ్లవాళ్లు ముందే వెళ్లిపోయారు, పద్నాలుగిళ్లకీ టిక్కు పెట్టుకొచ్చాడు. చెల్లెలి కొట్టు సంగతేమిటని చాపాయన అడిగితే, ఆవిడ పొద్దుటి నుంచీ మన పెద్దాఫీసులోనే ఉందిగా అని ఇంజనీరు నవ్వాడు. తల్లి వెళ్లిందంటే పిల్లా వెళ్లే ఉంటుందనుకున్నాడు చాపాయన. మనుషులెవరూ లేరన్న కాయితం మీద సంతకం పెట్టాడు. మొదలుపెట్టాక ఒకసారి మేనకోడలికి ఫోన్ చేద్దామనిపించింది. రెండు చేతులకీ తారు ఉంది. ఊరుకున్నాడు.

సాయంత్రం బస్సులో పంచరక్క నలభై ఆరో రాయికి టిక్కెట్టడిగింది. మిషన్లో ఆ స్టేజీ లేదమ్మా అన్నాడు కండక్టరు. వేళాకోళమనుకుంది. నలభయ్యో రాయి దాటగానే బస్సు చిన్నగా కుదిపింది. కిటికీలోంచి యాభై ఎనిమిది కనబడింది. ఇరవై నిమిషాలు కలిసొచ్చాయని వెనక సీట్లో ఎవరో సంతోషపడ్డారు. ఆమె బస్సాపించి వెనక్కి నడిచింది. రెండు రాళ్లూ పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో జానెడు. కూతురి ఫోన్ మోగలేదు.

ఆ రాత్రే అన్నాచెల్లెళ్లిద్దరూ ఇంజనీరింటికి వెళ్లారు. ఆయన మర్యాదగా కుర్చీలు వేయించాడు. చుట్టిన రోడ్డుని మళ్లీ పరవాలంటే పైనుంచి ఆర్డరు రావాలన్నాడు. మిగిలిన డీజిలు లెక్క రిపోర్టులో ఎక్కేసిందనీ, అది విదేశాలకి కూడా వెళ్లిపోయిందనీ చెప్పాడు. "అమ్మాయికి వచ్చిన లోటేమీ లేదమ్మా. ఒక రకంగా మనకంటే నయం, అక్కడ పొగ కూడా ఉండదు." ఆ తర్వాత చాపాయన వైపు తిరిగి, పరిస్తే ఆ సంతకం సంగతి పోలీసులు అడుగుతారేమో చూసుకో అన్నాడు. పంచరక్క అన్న మొహంలోకి చూసింది. అన్న తన చేతుల్లోకి చూసుకుంటున్నాడు.

తెల్లవారుతుండగా ఇద్దరూ శాఖ గోడౌన్‌కి వెళ్లారు. చుట్ట మనిషెత్తుంది. మూడు ఇనుప పట్టీలు బిగించి, నంబరు కట్టి ఉంది.

"పరవమని అడగను. అంచెత్తు" అంది పంచరక్క.

చాపాయన పట్టీలు వదులు చేసి, కింద ఊడవడానికి చాప లేపినట్టు అంచు లేపాడు. అవతలి నుంచి ఎండిన గడ్డి వాసన వచ్చింది. ఆమె చెంగు బిగించి వంగింది.

"నేనూ రానా చెల్లీ?"

"నువ్వొస్తే మిగతా రోడ్లెవరు చుడతారు?"

ఆమె మడమలు లోపలికెళ్లేదాకా పట్టుకుని, అంచు వదిలేశాడు.

ఆ మధ్యాహ్నం మంత్రిగారి కారు ఆ దారిన వెళ్లింది. మర్నాడు డెబ్బై ఒకటో రాయి దగ్గర చాపాయన గొంతుక్కూర్చుంటే తారుకి అంచు దొరకలేదు. వేళ్లు జారిపోయాయి. సాయంత్రం దాకా గోళ్లు విరగ్గొట్టుకున్నాడు. ఇంజనీరు కోప్పడలేదు. రిటైరవడానికున్న రెండేళ్లూ గోడౌన్ కాపలా చూసుకోమన్నాడు.

కాపలాకి చేరిన రోజే చాపాయన పట్టీలన్నీ కోసేసి ఆ చుట్ట ముందు కూర్చున్నాడు. ఇప్పుడు సంతకానికీ, పోలీసులకీ భయపడలేదు. పదివేళ్లతోనూ తడిమాడు. ఎక్కడ ముట్టుకున్నా ఒకటే తారు, అంచన్నదే లేదు. చెవి ఆనించాడు. లోపల తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటున్నారు. వాల్వు సరిగ్గా బిగించలేదని పంచరక్క కసురుతోంది, కూతురు నవ్వుతోంది.

ఆయన ఇద్దర్నీ పేర్లు పెట్టి గట్టిగా పిలిచాడు.

లోపల మాటలు ఆగిపోయాయి. వినిపించిందని ఆయనకి తెలిసింది. ఇంకోసారి పిలిచాడు. కాసేపటికి వాళ్లు మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, వాళ్లలో వాళ్లు.