మడతల గది

మడతల గదిలోకి వెళ్ళేముందు ఒంటిమీద విడిగా ఉన్నదేదైనా తీసి బయట డబ్బాలో పెట్టాలి. పిన్నికి తీయడానికి వాచీ తప్ప ఏమీ లేదు; ఈమధ్య పలచబడ్డ జుట్టుకు క్లిప్పులు అక్కర్లేదు. ఫ్యాక్టరీలో చిన్నాపెద్దా అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. ఆమె పక్కనే నిలబడి వదిన తల్లోంచి ఒక్కో క్లిప్పూ లాగి డబ్బాలో వేస్తోంది. జుట్టు ఒత్తు కాబట్టి వదినకు ఆలస్యమవుతుంది. పిన్ని గోడకేసి చూస్తూ నిలబడింది.

వదిన అంటే పిన్ని సొంత అన్నయ్య భార్య. ఇద్దరికీ ఈ ఉద్యోగం ఇప్పించింది ఆ అన్నయ్యే. ఇక్కడ మడిచిన పారాచూట్లను లారీలో రాకెట్ ప్రయోగం జరిగే చోటికి తీసుకెళ్ళేవాడు. ఆయన పోయాక ఆ లారీకి వేరే డ్రైవరొచ్చాడు.

ఈమధ్య లోకంలో రాకెట్లకు కొదవ లేదు. క్యాంటీన్ టీవీ పెడితే చాలు, ఏదో ఒక దేశంలో ఏదో ఒకటి నిప్పులు కక్కుతూ లేస్తుంటుంది. కొన్ని భూమి చుట్టూ తిరుగుతూ అక్కడే ఉండిపోతాయి. కొన్ని ఆకాశం అంచుదాకా వెళ్ళి, పప్పు ఉడికేలోపు వెనక్కొచ్చేస్తాయి. అలా వచ్చేవాటి తలభాగంలో పరికరాలుంటాయి. అవి పగలకుండా నేలకు దిగడానికే ఇక్కడి గుడ్డ.

"వచ్చినట్టే వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళిపోయే మా ఆడపడుచు లాంటివి ఇవి," అంటుంది కుట్టుమిషన్ల దగ్గర పనిచేసే రేడియో. నోరు మూతపడదని ఆమెకా పేరు.

మడతల గదిలో మడిచేటప్పుడు మాత్రం పనిమాట తప్ప మాట్లాడకూడదు. పారాచూట్‌ను ఒక్కసారి సంచిలోకి ఎక్కించి బిగించాక లోపల ఏముందో ఎవరికీ కనిపించదు. విప్పి చూస్తే మళ్ళీ మడవాల్సిందే. అందుకే ఇద్దరుండాలి. ఒకరు మడిచి, మడిచింది పైకి చెప్పాలి. రెండోవాళ్ళు కళ్ళతో చూసి, చూశానని పైకి చెప్పాలి. జవాబు రాకపోతే ఆ పారాచూట్‌ను బల్లమీద మొదటికంటా విప్పేయాలి. ఒకసారి సరిగ్గా జవాబు చెప్పే సమయానికి రేడియోకు తుమ్మొచ్చి, జవాబు అందులో కలిసిపోయింది. పూటంతా చేసిన పని గంగపాలు. అప్పట్నుంచి ఆమెను మిషన్ల దగ్గరికి పంపేశారు.

"మొదటి తాడు కలిపాను," అంది పిన్ని.

"చూశాను," అంది వదిన.

"అంచు లోపలికి తిప్పాను."

"చూశాను."

అన్నయ్య పోయినప్పట్నుంచి వాళ్ళిద్దరి మధ్య నడిచే మాటలు ఇవే. ఆయన ఆసుపత్రిలో ఉన్న సంగతి పిన్నికి ఆలస్యంగా తెలిసింది. నీకు చెప్పొద్దన్నాడు ఆయనే, అంది వదిన. పిన్ని వినలేదు. పదిమందిలో నిలబడి, "మా అన్నయ్యను పొట్టనబెట్టుకున్నావు," అనేసింది. వదిన వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు అనని మాట మరి ఏ రోజూ అనలేదు.

అయినా జంటను విడదీయమని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. వాళ్ళ మడతల్లో ఒక్క తప్పూ రాలేదు కనుక సూపర్‌వైజరూ ఆ జోలికి పోలేదు. ప్రతి రెండు మాటలకూ టైము కోసం గోడవైపు చూస్తాడని ఆయన్ని అందరూ గడియారం అంటారు.

పిన్నిది రెండో అంతస్తులో ఒంటి గది. కిటికీ తెరిస్తే పక్క భవనం నీళ్ళ గొట్టాలు. సాయంత్రం ఇంటికెళ్ళి ఒక గ్లాసు బియ్యం పెట్టుకుంటుంది. స్టవ్ ఆపాక, ఎప్పుడు అలవాటైందో తెలీదు, "గ్యాస్ కట్టేశాను," అని పైకి అంటుంది. తలుపు గడియ పెట్టాక, "గడియ వేశాను," అని ఒక్క క్షణం ఆగుతుంది. జవాబు రాదని తెలిసి కూడా ఆగుతుంది. తర్వాత వెళ్ళి గడియ మరోసారి లాగి చూసుకుంటుంది.

ఆ సోమవారం క్యాంటీన్లో గడియారం చెప్పిన సంగతి పిన్ని నోట్లో ముద్దను అక్కడే ఆపేసింది. ప్రయోగాలు ఎక్కువయ్యాయి, రాకెట్లు ఎగిరే చోట ఇంకో మడతల గది తెరుస్తున్నారు, నేర్పడానికి వదిన అక్కడికి వెళ్తోంది. ఈ వారం మడిచేదే ఇక్కడ ఆమెకు ఆఖరిది. పిన్ని పక్కకు కొత్తగా ఎవరో వస్తారు.

చెయ్యి కడుక్కునే చోట రేడియో ఆమెను పట్టుకుంది. "ఏం పిన్నీ, వదిన వెళ్ళిపోతోందిగా. పీడ విరగడైందా?"

"నీకెందుకే?"

"ఉత్తినే అడిగాలే. నేను మా ఆయనతో రోజంతా మాట్లాడతా, అయినా కూరలో ఉప్పు ఎక్కువే పడుతుంది. మీరు మాట్లాడుకోకుండానే అంత పని చేస్తారు. ఎలాగమ్మా?"

"నువ్వు ముందు నోరు మూసి వంట చెయ్యి, ఉప్పు తగ్గుతుంది."

రేడియో నవ్వుతూ వెళ్ళిపోయింది. పిన్ని చాలాసేపు చేతులు కడుగుతూనే ఉంది. ఈ వారం లోపల వదినతో ఒక్క మాట అనాలి. అనకపోతే ఆ "చూశాను" కూడా ఇక వినపడదు.

మంగళవారం గేటు దగ్గర నిలబడింది. వదిన గొడుగు వేసుకుని వచ్చింది. పిన్ని గొంతులోకి వచ్చిన మాట, ఆ గొడుగు అన్నయ్యదని గుర్తుపట్టగానే వెనక్కి వెళ్ళిపోయింది. బుధవారం డబ్బాల దగ్గర ప్రయత్నించింది. "వది..." అన్నంతలో గడియారం వచ్చి, "టైమవుతోందమ్మా, టైమవుతోంది," అన్నాడు.

గురువారం ఆఖరి పారాచూట్. పిన్ని చేతులు ఎప్పటికన్నా నెమ్మదిగా కదిలాయి. నారింజ రంగు గుడ్డ బల్ల పొడుగునా పరుచుకుని, మడత మీద మడతగా సన్నబడుతూ వచ్చింది. ప్రతి మాటకూ జవాబు వస్తోంది. అద్దం తలుపు అవతల గడియారం సంచిమీద అంటించే చీటీ పట్టుకుని కాచుకుని ఉన్నాడు.

"పై మూత వేశాను," అంది పిన్ని.

"చూశాను."

ఇక ఒకటే మిగిలింది. పిన్ని తాడు చివరను ముడి వేసి, వేలితో నొక్కిపట్టి, "ఆఖరి ముడి వేశాను," అంది.

వదిన ముడిని చూసింది. ఆమె చూపు తిన్నగా ముడిమీదే ఉంది, అది పిన్నికి స్పష్టంగా కనిపిస్తోంది. ముడిమీంచి చూపు పిన్ని వేలిమీదికి, అక్కణ్ణుంచి మొహంమీదికి వచ్చింది.

"చూడలేదు," అంది వదిన.

గడియారం తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. "చూడలేదా? ఎదురుగా పెట్టుకుని చూడలేదంటావేంటమ్మా? రేపు సాయంత్రం లారీ!"

"సాయంత్రమేగా. కన్ను అటు తిరిగింది. చూడనిది చూశానని చెప్పమంటారా?"

పైకెళ్ళేదాంట్లో ఎవరి ఏడాది కష్టం ఉందో! ఆయన గోడవైపు చూశాడు, తల కొట్టుకున్నాడు. "విప్పండి. రేపు పొద్దున మళ్ళీ మొదట్నుంచి," అని బయటికి వెళ్ళి తలుపు లాగేశాడు.

పిన్ని ముడి విప్పింది. మూత తీసింది. వదిన గుడ్డ అంచు పట్టుకుని బల్ల అవతలి చివరకు నడిచింది. మడతలు ఒక్కొక్కటే జారి విడిపోతున్నాయి. మడిచేటప్పుడు మాట్లాడకూడదు. విప్పేటప్పుడు మాట్లాడకూడదని మాత్రం ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ సంగతి పిన్నికి అప్పుడే తట్టింది. వదినకు ముందే తెలిసినట్టుంది.

"ఆడపడుచు గారూ!" అవతలి చివర నుంచి వదిన గట్టిగా పిలిచింది. అన్నయ్య ఉన్నప్పుడు వెక్కిరించడానికి అలాగే పిలిచేది. "జుట్టంతా ఏం చేశావే? అమ్ముకున్నావా?"

పిన్ని గుడ్డ అంచును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"రాలిపోయింది వదినా," అంది.

"వినపడలేదు. గట్టిగా చెప్పు."

"రాలిపోయింది. నేను ఆ రోజు అన్న మాట..."

"గుడ్డ వంకర పోతోంది చూడు. నీ వైపు లాగు ముందు," అంది వదిన. "ఇవాళ సాయంత్రం దాకా టైముందిగా, ఒక్కొక్కటీ చెప్పు. నేనెక్కడికీ పోను."

పిన్ని తన వైపు లాగింది.