వీపు మీద అద్దాలు

ఇంట్లో అందరి బట్టలూ ప్రమీలే ఉతుకుతుంది. కూతురు భాను జీన్స్ జాకెట్ మాత్రం ఈమధ్య బకెట్లో పడటం లేదు. "నేనే ఉతుక్కుంటలే యాడీ" అంటుంది. బుద్ధెరిగాక ఒక్క రుమాలు ఉతకని పిల్లకి తల్లి మీద ఇంత జాలి ఎక్కణ్ణుంచి పుట్టింది?

దానికి తోడు ఇనప్పెట్టె. అడుగున మడతపెట్టిన ప్రమీల పెళ్ళినాటి లంబాడీ పావడా, పేటియాకి, అద్దాలు తగ్గిపోతున్నాయి. ఊడినట్టు లేదు, దారం ఎవరో కత్తెరతో కోసినట్టుంది. అది కట్టుకుని ఎన్నేళ్ళయిందో! సారపాకలో కాగితం మిల్లు ఊడ్చే పనికి తను కుదిరిన కొత్తలో "గేటు కాడికి గా అద్దాలేసుకుని రాకు, నా ఇజ్జత్ పోతది" అన్నాడు మొగుడు లాల్‌సింగ్. చీరలోకి మారింది. వీధిలో తండా భాష మాట్లాడొద్దన్నాడు, మానేసింది. షిఫ్ట్ దిగి వచ్చి తను ఇల్లు ఊడుస్తుంటే మంచం మీద కాళ్ళు పైకెత్తుతాడు తప్ప లేవడు. అదీ ఇజ్జత్‌లో భాగమే కాబోలు.

ఇప్పుడు కాపలా పని కూడా ఆమెకే అప్పజెప్పాడు. భాను గోదావరి అవతల భద్రాచలంలో బట్టల షాపులో చేస్తుంది. ఆదివారం సెలవు, అయినా పోతోంది. "ఎవడో ఉన్నడు. వాడెవడో నువ్వే కనుక్కో. తెల్సినంక పని బంద్, ఎర్రుపాలెం సంబంధం ఖాయం" అన్నాడు. ఆ సంబంధం ఇష్టమేనా అని భానుని ఎవరూ అడగలేదు. ఆనాడు ప్రమీలని మాత్రం ఎవరడిగారు?

ఆదివారం సాయంత్రం కొంగు తలమీదికి లాక్కుని, ఇంకో ఆటో ఎక్కి, కూతురి వెనకే వెళ్ళింది. కన్నకూతురి వెనక దొంగలా. భాను బ్రిడ్జి దగ్గర దిగి, బ్యాగులోంచి జాకెట్ తీసి తొడుక్కుంది. ప్రమీల ఎదురుగా కంకుల బండి చాటున నిలబడింది. వాడెవడూ రాలేదు. షాపుల్లో చేసే పిల్లలు నలుగురైదుగురు వచ్చారు. అందరివీ అలాంటి జాకెట్లే, జుట్టు చివర్లకి రాగిరంగు. బైకుల మీద కూర్చున్న కుర్రాళ్ళు ఈలవేసి, ఏ తండా పిట్టలురా ఇవి అన్నారు. ప్రమీల అయితే తల దించుకుని జరిగిపోయేది. ఇన్నేళ్ళూ చేసింది అదే. ఈ పిల్లలు తిట్టలేదు, పరిగెత్తలేదు. ఒక్కసారే వెనక్కి తిరిగి నిలబడ్డారు. వీపుల నిండా అద్దాలు! వాలుపొద్దు వాటికి తగిలి కుర్రాళ్ళ కళ్ళల్లో కొట్టింది. ఒకడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకొకడు బండి స్టార్ట్ చేశాడు.

అప్పుడు చూసింది భాను, తల్లిని.

"నీ అద్దాలే యాడీ. అడిగితే ఇయ్యవనుకున్న."

"వీపుకెందుకే?"

"ముంగట నేను చూసుకుంట. ఎనకనుంచి చూసేటోడు వాని మొకం వాడే చూసుకోవాలె."

ఇంటికొచ్చి, ఎవడూ లేడని చెప్పింది ప్రమీల. లాల్‌సింగ్ నమ్మలేదు. నువ్వూ దానితో కలిసినవా అన్నాడు.

పొద్దున భాను టిఫిన్ డబ్బా పట్టుకుని ముందే వెళ్ళిపోయింది. షిఫ్ట్‌కి పోబోతున్న ప్రమీలకి గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు లాల్‌సింగ్. "ఎవడు వాడు?"

"ఎర్రుపాలెమోళ్ళకు ఫోన్ చేసిన, రావద్దని. పిల్ల పని బంద్ గాదు" అని, అతన్ని తప్పించుకుని మెట్లు దిగింది.

మిల్లులో ఇచ్చిన ఆమె నీలం కోటు వీపు మీద ఎర్రదారంతో కుట్టిన అద్దం ఒకటి ఉంది. రూపాయి బిళ్ళంత. లాల్‌సింగ్ మొహం మొత్తం అందులో పట్టలేదు. ఒక కన్ను మాత్రం కనిపించింది, అనుమానంగా, తననే చూస్తూ.