సైలెన్సర్ మసి

‘ఆయుధము శుభ్రపరచుటలో అలసత్వం’ అని మెమోలో రాశారు. ఒప్పుకుంటూ సంతకం పెడితే నన్ను ఆయుధాగారంలోంచి తీసేసి గేటు దగ్గర నిలబెడతారు. పదకొండేళ్లుగా పోలీసు రైఫిళ్లు విప్పి, తుడిచి, బిగించడమే నా పని. నాకు వచ్చిందీ, నచ్చిందీ అదే. పేరు హన్నా, ఊరు సోంపేట దగ్గర జలంత్రకోట. చేయని తప్పు ఒప్పుకోవడం మా ఇంటావంటా లేదు.

జరిగింది ఇంతే. పోయిన నెల మా రైఫిళ్లకు కొత్తగా సైలెన్సర్లు వచ్చాయి. మందస వైపు జీడితోటల అవతల ఉన్న మా ఫైరింగ్ మైదానంలో కానిస్టేబుల్ తారకేశ్వరరావు ఒకటి బిగించి పేలుస్తుంటే, మూడో మ్యాగజైన్‌లో తూటా ఇరుక్కుపోయింది. విప్పి చూస్తే లోపలంతా మసి. ముందురోజు దాన్ని తుడిచింది నేనే కాబట్టి తప్పు నాదేనట.

మెమో పట్టుకుని ఇన్‌స్పెక్టర్ జగదీశ్వరరావు గారి గదికి వెళ్లాను.

“సంతకం పెట్టమ్మా, చిన్న విషయం,” అన్నారు.

“సిన్నదైతే మీరే పెట్టీయండి సార్.”

ఆయన ముఖం ఎర్రబడింది. “మరి ఆ మసి ఎక్కడిది?”

“సైలెన్సర్ వల్లే సార్. తూటా ఎల్లిపోయాక గ్యాస్ గొట్టం మూతికాడ బయటికి పోవాల. ఇది దాన్ని అడ్డుతాది. పోడానికి దారి సాలక ఎనక్కి తంతాది. లోపల ముందుకీ ఎనక్కీ ఆడే బోల్టు జోరు పెరుగుతాది, మసంతా లోపల కూకుంటాది. గ్యాస్ తగ్గించుకునే మర ఇప్పించండని రెండుసార్లు రాసినాను. ఎవులు సదివినారు?”

“నువ్వేమైనా ఇంజనీరువా?”

ఆ మాటకు ఒళ్లు మండింది. మా అమ్మ జీవరత్నం పలాసలో జీడిపిక్కలు కొట్టేది. పిక్కల జిడ్డుకు వేళ్లు నల్లబడితే, చేతులు కడుక్కోలేదా అని చర్చిలో కూడా అడిగేవారు. అమ్మ కొంగులో దాచుకునేది. నేను దాచుకోదలచలేదు.

“మైదానానికి రండి సార్. మీ ఎదురుగానే తుడుత్తాను. మీరే పేల్చండి.”

బయట కానిస్టేబుళ్లు వింటున్నారు. రానంటే పరువు పోతుంది కాబట్టి వచ్చారు.

ముందు సైలెన్సర్ లేకుండా ముప్పై తూటాలు పేల్చారు. బోల్టు తెల్లగుడ్డతో తుడిచాను. గుడ్డ బూడిద రంగుకు తిరిగింది. రైఫిల్ మళ్లీ మొత్తం శుభ్రం చేసి, ఆయన వేలితో తడిమి చూసుకున్నాకే సైలెన్సర్ బిగించాను. కళ్లద్దాలు ఇస్తే అక్కర్లేదన్నారు. పది తూటాలకే కళ్లు చికిలించారు. ముప్పై అయ్యేసరికి దగ్గుతున్నారు, కళ్ల వెంట నీళ్లు. ఈసారి గుడ్డ పెనం అడుగులా నల్లబడింది.

“ఇది ఎవులి అలసత్వం సార్?”

ఆయన జేబురుమాలు తీసి కళ్లు, ముక్కు తుడుచుకున్నారు. దానికీ మసి అంటింది. “సరే, మెమో సంగతి తర్వాత చూద్దాంలే,” అంటూ రుమాలు మడత పెట్టబోయారు.

తర్వాత చూడ్డం అంటే ఏమిటో నాకు తెలుసు. అక్కడే నిలబడి మెమో కింద ‘తప్పు నాది కాదు’ అని పెద్దక్షరాలతో రాశాను. రెండు గుడ్డలూ దానికి పిన్ను చేశాను. తర్వాత చేయి చాపాను.

“ఆ రుమాలు కూడా ఇటివ్వండి సార్. అదీ సాచ్చికమే.”

ఆయన నా చేతికేసి చూశారు. అయిదు వేళ్లూ మసే. ఆయన రుమాలు ఇచ్చేదాకా చేయి దించలేదు.