బూజు పాటలో గరిటె చప్పుడు

మా బిల్డింగులో పుట్టి పెరిగిన ఉల్యానా ఇప్పుడు పెద్ద గాయని. కన్నవాళ్ళు పెట్టిన బంగారంలాంటి పేరు అవతల పడేసి "బూజు" అని పెట్టుకుంది. పోస్టర్ల మీద అదే పేరు, టికెట్ల మీద అదే పేరు. స్నానాలగది గోడకి బూజు పడితే మేమిక్కడ కోస్త్రోమాలో సున్నం కొడతాం. పీటర్స్‌బర్గ్‌లో చప్పట్లు కొడతారట. ఎవరి పిచ్చి వాళ్ళకానందం. నా బాధ ఆ పిల్ల పేరు గురించి కాదు, సావిష్న గురించి.

మాది అయిదంతస్తుల పాత ప్యానెల్ బిల్డింగు. రెండో అంతస్తులో నేను. నా నెత్తిమీద కపితొలీనా సావిష్న. అందరం తండ్రి పేరుతో సావిష్న అనే పిలుస్తాం. నారబట్టల మిల్లులో మగ్గాల మధ్య బతుకంతా గడిపి, సగానికి పైగా చెవుడు తెచ్చుకున్న మనిషి. ఆవిడ నెత్తిమీద నెల్లీ, నెల్లీ కూతురు ఈ ఉల్యా. ముగ్గురి వంటిళ్ళలోంచీ ఒకటే వేడినీళ్ళ గొట్టం పోతుంది, ఎవరింట్లో వాళ్ళకి దానికే గది వెచ్చబెట్టే ఇనప రేడియేటర్ తగిలించి ఉంటుంది. దాని మీద ఎవరైనా చెంచాతో కొట్టారంటే ఒక్కటే అర్థం, మీ గోల ఆపండి అని. ఈ దేశంలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు ఆ సంగతి.

ఉల్యాని నెల్లీ నేల మీద నడవనిచ్చి ఎరగదు. సంగీతం బడిలో వేస్తే, సరళి మళ్ళీ మళ్ళీ పాడించారని అలిగి మానేసింది. టీచర్ల కాలేజీలో వేస్తే, "నా లోపల ఒక ఖాళీ ఉంది" అని చెప్పి అదీ మానేసింది. ఆ ఖాళీలో నెల్లీ రోజూ కట్లెట్లు నింపింది. తండ్రి లారీ మీద దేశమంతా తిరిగి వస్తూ వస్తూ గిటారు తెచ్చిచ్చాడు. ఇక చూసుకోండి, పొద్దున్న లేస్తే అదే. పాటంటే ఏమిటి, గుసగుస. గొంతు సవరించుకుంటోందేమో, ఇప్పుడు ఎత్తుకుంటుందేమో అని మనం కాచుకుని కూర్చుంటాం. ఈలోగా పాట అయిపోతుంది.

ఆ యేడు శరత్తులో నేను ఊరవతల మా తోటలో బంగాళాదుంపలు తవ్వడానికి వెళ్ళాను. నెల్లీ మందుల షాపులో డ్యూటీకి పోయింది. పైన ఉల్యా ఒక్కతే ఫోను ముందు పెట్టుకుని పాట రికార్డు చేసుకుంటోంది. కింద సావిష్న చారుకుండ దించబోయి కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. లేవలేక, చేతిలో ఉన్న గరిటెతో రేడియేటర్ మీద కొట్టడం మొదలుపెట్టింది. టకటక రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒక దెబ్బ. చెయ్యి పడిపోతుంటే ఊపిరి తీసుకోవడానికి ఆగేది, పాపం.

ఉల్యా విన్నది. కింది ముసలమ్మ తిడుతోందనుకుంది. సరే, అలా అనుకోవడంలో తప్పు లేదు, ఎవరైనా అనుకుంటారు. మర్యాదస్తురాలైతే పాట ఆపేది. ఈ పిల్ల ఆపలేదు. తాళం బాగుందని మురిసిపోయి, ఆ దెబ్బలకి తగ్గట్టు పాట సాగదీసింది. దెబ్బలు ఆగిపోతాయేమోనని ఇంకాస్త గట్టిగా గిటారు వాయించిందట, ఆవిణ్ణి రెచ్చగొట్టడానికి. ఈ ముక్క తనే తర్వాత ముఖాముఖీలో నవ్వుతూ చెప్పింది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే కదా. సాయంత్రం నేను తోట నుంచి వచ్చి, రెండు దుంపలిద్దామని పైకెక్కి తలుపు కొడితే లోపల మూలుగు వినబడింది. నా దగ్గరున్న తాళంచెవితో తీసి అంబులెన్సుని పిలిచాను.

సావిష్న ఆసుపత్రిలో ఉండగానే ఆ పాట దేశమంతా పాకింది. పేరు "తిట్టు, పక్కింటమ్మా". రెండు దెబ్బలు, ఆగి ఒక దెబ్బ. ఆ ఆగడంలో ఒక తరం గుండెకోత ఉందని ఎవడో పెద్దమనిషి రాశాడు. గుండెకోత కాదురా నాయనా, తుంటి నొప్పి. ఉల్యా సామాను సర్దుకుని పీటర్స్‌బర్గ్ పోయింది. అక్కడ తల్లి పాత పూలగౌనూ ఇంట్లో తొడుక్కునే చెప్పులూ వేసుకుని స్టేజీ ఎక్కేది. జనం ఇంటి నుంచి చెంచాలు తెచ్చుకుని, దొరికిన ఇనుము మీదల్లా ఆ తాళం వేసేవాళ్ళు. పైగా ముఖాముఖీల్లో, బూడిదరంగు బిల్డింగుల మధ్య ఎవరూ పట్టించుకోని బాల్యమట తనది. నెల్లీ అది చదివి నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. టీ పోసి ఇచ్చాను.

సావిష్న నాలుగుకాళ్ళ కర్ర పట్టుకుని ఇంటికొచ్చింది. యారస్లావ్ల్‌లో ఉండే మేనకోడలు రిమ్మా ఆవిణ్ణి వృద్ధాశ్రమంలో వేస్తానంది. ఆవిడ ససేమిరా అంది. మొగుడు పోయింది ఆ ఇంట్లో, నేనూ అక్కడే పోతానంది. ఫోను మెళ్ళో వేసుకోమంటే ఆవుకి గంట కట్టినట్టుందని విసిరికొట్టింది. వేసుకున్నా వినబడదు కదా. చివరికి ముగ్గురం ఒక మాట అనుకున్నాం. ఏ అవసరమొచ్చినా సావిష్న రేడియేటర్ మీద కొడుతుంది, నేను తాళంచెవి పట్టుకుని పరిగెడతాను. నేను పరిగెత్తినన్నాళ్ళూ ఆవిడ తన ఇంట్లో ఉంటుంది. ఒక్కసారి పోలేకపోయినా రిమ్మా తీసుకుపోతుంది. అంతే ఒప్పందం.

ఇక వచ్చారు భక్తులు. మాస్కో నుంచి, కజాన్ నుంచి, ఎక్కడెక్కడి నుంచో. "బూజు పుట్టిన బిల్డింగు" అని ఫొటోలు. ఊరికే ఫొటో తీసుకుని పోతే నాకేం? మెట్ల దగ్గర ఒక రేడియేటర్ ఉంది, దాని మీద చెంచా పెట్టి మొదలెట్టేవాళ్ళు. గొట్టాలన్నీ మోగేవి. నేను పొయ్యి మీద గోధుమరవ్వ వదిలేసి మోకాళ్ళు పట్టుకుని పైకి పరిగెత్తడం, సావిష్న కిటికీ దగ్గర కూర్చుని మేజోళ్ళు అల్లుకుంటూ "ఏమే జీనా, ఎందుకొచ్చావు?" అనడం. రోజూ ఇదే తంతు. దెబ్బలకి వేరే గుర్తు పెట్టుకుందామా అనుకున్నాం. కింద పడ్డ మనిషికి తాళాలు గుర్తుంటాయా? చెంచాలు పట్టుకున్నవాళ్ళని తిట్టాను, చీపురు తిరగేశాను. నా తిట్లు కూడా రికార్డు చేసుకుని పోయారు, పక్కింటమ్మ నిజంగా తిట్టిందని సంబరపడుతూ.

వసంతంలో ఉల్యా మా ఊళ్ళో కచేరీకి వచ్చింది. నేనే వెళ్ళి చెవి పట్టుకున్నంత పని చేసి సావిష్న దగ్గరికి తీసుకొచ్చాను. వెంట ఒక కెమెరా కుర్రాడు, చేతిలో కేకు. కెమెరాని గుమ్మం బయట నిలబెట్టాను. సావిష్న ఆ పిల్లని చేత్తో దగ్గరికి రమ్మని పిలిచి, చెవుడున్నవాళ్ళు మాట్లాడినట్టు పెద్దగా చెప్పింది.

"నేను నిన్ను తిట్టలేదమ్మా. పడిపోయాను. పిలిచాను."

ఉల్యా మొహం తెల్లబోయింది. నేల మీద కూలబడి ఆవిడ మోకాళ్ళు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దొంగేడుపు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నాక్కూడా మనసు కరిగింది. చిన్నప్పుడు మెట్ల మీద పడి మోకాలు చెక్కుకుపోతే అలాగే ఏడ్చేది. అప్పుడు సావిష్న అడిగింది, పాట నీ ఇష్టం, మీ వాళ్ళని ఇక్కడికొచ్చి కొట్టొద్దని మాత్రం చెప్పు, ఆ చప్పుడుంటేనే నేను ఇంట్లో ఉండగలను అని. కాగితం మీద రాసినంత స్పష్టంగా చెప్పింది. ఉల్యా చెబుతానని ఒట్టు పెట్టింది.

మిల్లు క్లబ్బు హాల్లో కచేరీ. నేను మొదటి వరసలో కూర్చున్నాను, కొట్టొద్దని ఆ పిల్ల చెప్పడం కళ్ళారా చూద్దామని. ఉల్యా పూలగౌనులో వచ్చి, మైకు పట్టుకుని, మొత్తం చెప్పింది. పడటం, ఎముక విరగడం, పిలవడం, అన్నీ. చెబుతూ ఏడ్చింది, హాలంతా ఏడ్చింది. బాగానే ఉంది, ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని చూస్తున్నాను. కళ్ళు తుడుచుకుని ఏమందో తెలుసా? ఆ రోజు ఆవిడ పిలిస్తే ఎవరూ పలకలేదు, ఈ రోజు మనమందరం పలుకుదాం అంది. అంతే, హాలు హాలంతా చెంచాలు తీసింది. కుర్చీల ఇనపకాళ్ళ మీద, మెట్ల కమ్మీల మీద, టకటక, ఆగి ఒకటి. నాకు ఒళ్ళు మండిపోయింది.

స్టేజీ వెనక్కి పోయి అడిగాను. "కొట్టొద్దని చెబుతానన్నావు కదే?"

"నిజమంతా చెప్పాను కదా, జీనా పిన్నీ. ఎలా కదిలిపోయారో చూశారా?" అంది, ముక్కు చీదుకుంటూ. కళ్ళు మెరుస్తున్నాయి. అద్దం వైపు తిరిగి కూర్చుంది. ఇక ఆ తలకాయతో మాట్లాడి లాభం లేదని తెలిసిపోయింది. ఏడవడం వచ్చినవాళ్ళకి వినడం రాదు.

ఆ తర్వాత మా గుమ్మం జాతర అయింది. పూలు, కొవ్వొత్తులు, "మేమున్నాం బామ్మా" అని గోడల మీద రాతలు. ఉన్నారు, ఎందుకు లేరు, ఎప్పుడు చూసినా మెట్ల మీదే ఉన్నారు. గొట్టాల మేస్త్రీని పిలిచి మెట్ల దగ్గరి రేడియేటర్ ఊడబీకమంటే ఆఫీసు ఒప్పుకోవాలన్నాడు. బిల్డింగు ఆఫీసు వాళ్ళు చలికాలం రానీ చూద్దాం అన్నారు. వాళ్ళ చలికాలం ఎప్పుడూ రాదు.

తొలిమంచు పడిన రోజు క్యాబేజీ కొనుక్కుని వస్తున్నాను. మధ్యాహ్నమే. గుమ్మంలో నలుగురైదుగురు పిల్లలు రేడియేటర్ చుట్టూ మూగి ఉన్నారు. కొడతారు, ఆగుతారు, వింటారు, నవ్వుకుంటారు, మళ్ళీ కొడతారు. నేను నోరు తెరవబోతుంటే ఒక పిల్ల పెదవి మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా, ఆంటీ. రికార్డు చేస్తున్నాం. పైనుంచి బామ్మ మాకు జవాబిస్తోంది."

క్యాబేజీ ఎక్కడ పడేశానో తెలియదు. సావిష్న వంటింటి నేల మీద, రేడియేటర్ పక్కన ఉంది. కుడి మణికట్టు వంకర తిరిగిపోయింది. ఎడం చేత్తో గరిటె పట్టుకుని ఉంది. నన్ను చూసి, "ఇంతసేపు చేశావేమే?" అంది. కోపంగా కూడా కాదు.

"గొట్టానికి చెయ్యి ఆనించి చూశాను, జీనా. నేను కొడుతుంటే తిరిగి కొడుతున్నారు. వస్తున్నామని చెబుతున్నారనుకున్నాను."

మగ్గం దడ చేతికి తెలిసిన మనిషి. చెవులు పోయినా ఆ చేతులు పోలేదు. అవే ఆవిణ్ణి మోసం చేశాయి. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ మీద దించుతుంటే పిల్లలు గోడకి అతుక్కుని నిలబడ్డారు. ఒకడు టోపీ తీశాడు. ఏం లాభం, ఎవడిక్కావాలి వాడి టోపీ.

రిమ్మా వచ్చింది, మాట ప్రకారం తీసుకుపోయింది. సామాను నేనే సర్దిచ్చాను. ఆ రోజు మెట్ల దగ్గర పిల్లలు తీసిన వీడియో ఉల్యా తన పేజీలో పెట్టింది, కింద ఎర్ర గుండెలు కుప్పలు తెప్పలు. తర్వాత నెల్లీ వచ్చి నసుగుతూ అడిగింది, కొత్త ఆల్బం అట్ట మీదికి సావిష్న గరిటె కావాలంటోంది పిల్ల, నీ దగ్గరుందా అని. ఉంది. రోజూ దాంతోనే చారు పోసుకుంటున్నాను, ఇవ్వనని చెప్పమన్నాను.

మొన్న ఆశ్రమానికి వెళ్ళాను. ఊరగాయ దోసకాయలూ, ఆవిడకిష్టమని క్యాబేజీ కూరిన రొట్టే పట్టుకెళ్ళాను. గది శుభ్రంగా, వెచ్చగా ఉంది. మంచం పక్కన రేడియేటర్‌కి చెక్క తొడుగు వేసి ఉంది, ముసలివాళ్ళకి కాలకుండానట. సావిష్న రొట్టె సగం తిని, మిగతాది రుమాల్లో చుట్టుకుంది. కిటికీ దగ్గర తన ఇంట్లోలాగా గాలి కొట్టదని చెప్పింది. ఇంటి గురించి అడగలేదు.

అప్పుడే వరండాలో ఆయమ్మ ఫోను మోగింది. టకటక, ఆగి ఒకటి. నేను దిగ్గున లేచి నిలబడి, సంచీలో తాళంచెవి వెతుక్కుంటున్నాను.

సావిష్నకి వినబడలేదు. "ఎక్కడికే, ఇప్పుడేగా వచ్చావు?" అంది.

"ఎక్కడికీ లేదు," అని మళ్ళీ కూర్చున్నాను.