ఎండ తీసుకుపోయే రంగు

ఊటగుట్టలో పసుపు ఉడకబెట్టే రోజుల్లో కాకులు కూడా పసుపు కాళ్లతో తిరుగుతాయి. దుంప తవ్విన నాటి నుంచి ఊరి రంగు మారుతుంది. ముందు చేతులు, తర్వాత గడపలు, దూడల మూతులు, చివరికి కాలువలో నీళ్లు. కడాయిల మీది ఆవిరి రెండు గుట్టల నడుమ ఆగిపోతుంది. ములుగు నుంచి ఎక్కివచ్చే బస్సు డ్రైవరు తెల్లారి ఎంతసేపయినా లైట్లు ఆర్పడు. ఆవిరిలో మనిషి కంటే ముందు గొంతు వస్తుంది. గొంతు వచ్చిన కాసేపటికి మనిషి వస్తాడు. ఒక్కోసారి గొంతు ఒక్కటే వచ్చి వెళ్లిపోతుంది.

1978 ఫిబ్రవరిలో, అలాంటి ఒక పొద్దున, విమల కడాయి కింద ఎండుటాకు ఎగదోస్తూ బస్సు చప్పుడు విన్నది. ఆమె పట్టించుకోలేదు. పిల్లను చూడవచ్చేవాళ్లు మధ్యాహ్నం జీపుకు గదా వచ్చేది. ఆలోపు పని తెమిలిపోతుంది. స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, గుమ్మంలో ఉండొచ్చు.

అసలు ఆ రోజు కడాయి దగ్గర ఉండాల్సింది కాదు. ఊరికి ఉన్నవి నాలుగు కడాయిలు. ఎవరి వంతు ఎప్పుడో చీటీలు వేసి తేలుస్తారు. వంతు వదులుకుంటే మళ్లీ వచ్చేదాకా తవ్విన దుంప ఆగదు, మెత్తబడిపోతుంది. విమల తండ్రి దేవదానం వంతు మార్చుకొమ్మని ఇల్లిల్లూ తిరిగాడు. అందరి దుంపా తవ్వే ఉంది. హన్మకొండకు ఉత్తరం వేస్తే అది చేరేలోపే వాళ్లు బయలుదేరతారు.

వస్తున్నది సువార్తమ్మ. ఆమె కొడుకు సుందర్ రావు హన్మకొండలో ఒక దవాఖానలో కంపౌండరు. పోయినేడు మందుల జీపుతో ఊటగుట్టకు వచ్చినప్పుడు, ఆవిరికి కాలిన విమల మణికట్టుకు కట్టు కట్టింది అతనే. కడుతూ, పసుపు ఉడికిందని ఎట్లా తెలుస్తుందని అడిగాడు. అందరూ పుల్ల గుచ్చి చూస్తారని, తను మాత్రం వాసనతో పసిగడతానని విమల చెప్పింది. మన్ను వాసన పోయి ఇంకొకటి వస్తుందని. ఆ ఇంకొకటి వచ్చేదాకా అతను కడాయి పక్కన నిలబడ్డాడు. జీపు హారను కొట్టి కొట్టి ఊరుకుంది. తర్వాత కట్టు మార్చడానికి వచ్చాడు. కట్టు విప్పేశాక కూడా వచ్చాడు.

విమలకు అతను కావాలి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. తల్లి రాహేలుకు చెప్పకుండానే తెలుసు.

సువార్తమ్మ ఊళ్లు తిరిగి ఆడవాళ్లకు బైబిలు చదివి చెప్పే మనిషి. ఆమె మాట ఒకటే అని కబురు వచ్చింది. బొట్టు, పసుపు వదలని ఇంటి పిల్లను తను తెచ్చుకోదు, కళ్లతో చూసిగానీ ఒప్పుకోదు. దేవదానం తాతల నాడే ఆ ఇంట్లో ముఖానికి, గడపకు పసుపు మానేశారు. పొలంలో మానలేదు. మానితే తినేదేమిటి?

ఆవిరిలోంచి ముందు గొంతు వచ్చింది. "దేవదానంగారి ఇల్లు ఇదేనా?"

తర్వాత తెల్లచీర వచ్చింది. ఆ వెనక గొడుగు, సంచీ పట్టుకుని సుందర్ రావు.

విమల లేచి నిలబడింది. మోచేతుల దాకా పసుపు. చెమట తుడుచుకున్న చోటల్లా ముఖాన పసుపు. ఇంటి గడప మీద, అరుగు మీద వచ్చిపోయినవాళ్ల అడుగులు, అవీ పసుపే.

సువార్తమ్మ గడపను చూసింది, పిల్లను చూసింది. "క్రైస్తవుల ఇల్లన్నవు గదరా," అంది కొడుకుతో.

"అమ్మా, అది పని."

"వదినా, మధ్యాహ్నం వస్తరనుకున్నం," రాహేలు చెంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. చెంగూ పసుపే. "ఇయ్యాల మా వంతు పడ్డది. ఊకె పూసుకున్నది గాదు వదినా."

"పూసుకున్నదో పని చేసిందో, ముఖమైతే గానస్తలేదు గదా." సువార్తమ్మ సంచీలోంచి సబ్బు తీసింది. "ఇగో బిడ్డా. కడుక్కోని రా. నిన్ను జర చూడనియ్యి."

కడాయి చుట్టూ ఉన్నవాళ్లు చేతుల్లో పని ఆపారు. పనికి పని బదులుగా వచ్చిన పక్కింటి మొగిలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాహేలు వద్దన్నట్టు తల ఊపింది. విమల చూసింది. చూసి సబ్బు అందుకుంది.

నీళ్ల గాబు దగ్గర కూర్చుని నురుగు వచ్చేదాకా రుద్దింది. నురుగు ముందు గులాబీ రంగయింది, తర్వాత ఎర్రనైంది. ఆమె లేచి వచ్చి చేతులు చాపి నిలబడింది. వేళ్ల కొసల నుంచి మోచేతుల దాకా ఎరుపు.

"ఓ యమ్మో!" మొగిలమ్మ ఇక ఆగలేకపోయింది. "పారాణి పెట్టినట్టే అయిపాయె! పిల్ల తయారు, పిలగాడు తయారు. పాస్టరయ్యొక్కడే తక్కువ!"

ఆవిరి అవతల ఎక్కడో ఎవరో నవ్వారు. సుందర్ రావు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

సువార్తమ్మ నవ్వలేదు. "సబ్బు పెడితే గిట్ల ఎర్రగైతదని తెల్వదా నీకు?"

"తెలుసు."

"మరెందుకు పెట్టినవ్?"

"నోటితోని చెప్తే నమ్మకపోదురు," అంది విమల. "ఇది పూసుకునే పసుపు గాదు. ఎంత కడిగినా ఇడువని పసుపు. చూస్తేనే మీకు తెలుస్తది."

"గడుసు పిల్లవే," అంది సువార్తమ్మ. అది మెప్పో కాదో రాహేలుకు అర్థం కాలేదు. రాహేలు కొంగు ముడి విప్పింది, మళ్లీ వేసింది.

సువార్తమ్మ అరుగు వైపు తిరిగింది. అప్పుడే మొగిలమ్మ గంప ఎత్తింది. గంపలోంచి కారుతున్న పసుపు నీళ్లు తెల్లచీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. మొగిలమ్మ గంప అక్కడే దించేసింది. సువార్తమ్మ ఒక్క అంగలో గాబు దగ్గరికి పోయి సబ్బు తీసింది.

"సబ్బద్దు!" విమల ఆమె మణికట్టు పట్టుకుంది. తెల్లటి జాకెట్టు చేతి కింద ఎర్రటి వేళ్లు. "ఉత్త నీళ్లల్ల జాడిచ్చి ఎండకెయ్యాలె. ఎండ తీస్కపోతది."

సువార్తమ్మ ఇంకో చీర తెచ్చుకోలేదు. రాహేలు తన చీరల్లో తెల్లదాని కోసం వెతికింది. ఆ ఇంట్లో ఏ చీరా ఉతికిన తర్వాత తెల్లగా లేదు. చివరికి ఆమె రాహేలు నేతచీర ఒకటి కట్టుకుని బయటికి వచ్చి మంచం మీద కూర్చుంది. ఆమె తెల్లచీరను విమల జాడించి బండ మీద పరిచింది. అప్పటికి పొద్దెక్కింది. ఆవిరి గుట్టల మీదికి లేచింది. ఎండ బండ దాకా వచ్చింది.

చాయ్ వచ్చింది. దేవదానం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సువార్తమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని కడాయి వైపు చూస్తూ ఉంది. కళ్లు మూతలు పడ్డాయి. ఎక్కిన దూరానికి నిద్ర వచ్చిందనుకున్నారు. మొగిలమ్మ కూడా గొంతు తగ్గించింది. నురుగు కడాయి అంచు దాకా పొంగింది.

"తియ్యిండ్లి ఇగ," అంది సువార్తమ్మ, కళ్లు తెరవకుండానే. "ఉడికింది."

విమల చేతిలో పుల్ల ఉంది. గుచ్చలేదు. ఆ వాసన అప్పుడే ఆమెకూ తగిలింది.

"వదినా, నీకెట్ల ఎరుక?" అంది రాహేలు.

"మెట్‌పల్లి అవతల మా నాయినది గింతే పొలం." సువార్తమ్మ కళ్లు తెరిచింది. "పసుపు ఉడుకుతాంటే మా అవ్వ ఒళ్లె పండుకునేదాన్ని. మా నాయిన సచ్చిపోయినంక బోర్డింగుల ఏసిండ్లు. ఆడ రోజుకు రెండుమాట్ల చేతులు చూపియ్యాలె. నా చేతులు చాన దినాలు తెల్లగ గాలేదు. అయినంక ఏడ్సిన."

సుందర్ రావు తల్లి వైపు తిరిగాడు. ఈ మాట అతను ఎప్పుడూ వినలేదు.

కడాయి దించారు. ఉడికిన కొమ్ములు కళ్లంలో పరిచారు. అన్నాలయ్యాయి. మందుల జీపు వచ్చింది, హారను కొట్టింది. సుందర్ రావు గొడుగు తీసుకుని లేచాడు. సువార్తమ్మ బండ దగ్గరికి పోయి చీర అంచు ఎత్తి చూసింది. మరక పసుపు నుంచి లేత రంగుకు వచ్చింది. పూర్తిగా పోలేదు.

"ఇంక జరసేపు ఉండాలె," అంది. "జీపును పొమ్మను. సందెకు బస్సుందంట గదా."

జీపు దిగిపోయింది. ఆమె బండ మీదే కూర్చుంది. విమల వచ్చి చీరను రెండో వైపు తిప్పి పరిచింది. సబ్బు కడిగేసినందున చేతుల ఎరుపు పోయి పసుపు మళ్లీ పైకి వచ్చింది. ఆమె వెళ్లబోతుంటే సువార్తమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"ఇవి గూడ ఎండల పెట్టు బిడ్డా."

"ఇవి ఊకె పోవు. పొలం పని ఒడిసేదాంక గింతే."

"ఈస్టరుకు పోతయా?"

విమల లెక్క వేసుకుంది. ఉడకబెట్టడం ఇవాళ్టితో సరి. ఎండబెట్టడం, మెరుగు పెట్టడం ఉన్నాయి. "ఈస్టరు దాటినంక ఒక వారానికి పోతయి."

"అయితే వారం దాటినంకనే పెట్టుకుందం," అంది సువార్తమ్మ. "పాస్టరయ్యకు నేను చెప్త."

ఆమె కాళ్లు చాపుకుంది. కట్టిన నేతచీర నుంచి కొంత పసుపు ఆమె చీలమండలకు అంటింది. చూసుకుంది, తుడుచుకోలేదు. విమల పక్కన కూర్చుని రెండు చేతులు చీర పక్కన బండ మీద పెట్టింది. ఎండ మెల్లగా పని చేసుకుంటూ ఉంది.