కుర్చీలో మనిషి

...కాదు, ఆ పాప నిద్రలోనే పోయి ఉంటుంది, ఏ నొప్పీ తెలిసి ఉండదు అని మౌని మరోసారి తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్న మరుక్షణమే, అది కూడా యంత్రం చేత పలికించడానికి తను టైపు చేసే మాటల్లాగే ఉందని తోచింది. నున్నగా, మర్యాదగా, ఎవరికీ పనికిరాకుండా. ఈ ఉద్యోగంలో చేరాక పట్టుకున్న జబ్బు ఇది. ఇంట్లో తమ్ముడు "తిన్నావా అక్కా?" అని అడిగినా ముందు వేళ్లు కదులుతాయి, తర్వాతే నోరు. ఒక్కోరోజు నోరు అసలు కదలదు. అందుకే గదిలో అందరూ ఆమెకి మౌని అని పేరు పెట్టారు.

ఆ గదిలో పనే అలాంటిది. కింద టైర్ల దుకాణం, పైన వీళ్లు. కంపెనీ చిన్న చిన్న దుకాణాలకు ఫోనెత్తి మాట్లాడే యంత్రాన్ని అమ్ముతుంది. దర్జీకి, పళ్ల డాక్టరుకి, స్టవ్‌లు బాగుచేసేవాడికి. "జీతం అడగదు, సెలవు అడగదు, విసుక్కోదు, వెనకాల మనుషులెవరూ ఉండరు" అని చెప్పి అమ్ముతారు. మామూలు మాటలకు అది బాగానే జవాబిస్తుంది. అవతలి మనిషి ఏడ్చినా, తడబడినా, అడగకూడనిది అడిగినా దానికి గొంతులో వెలక్కాయ పడుతుంది. అప్పుడు ఆ ఫోను ఈ గదిలో ఒకరి తెర మీద ఎర్రగా వెలుగుతుంది. అవతలివాళ్ల మాటలు అక్షరాలుగా పడతాయి. వీళ్లు గబగబా జవాబు టైపు చేస్తే, ఆ తియ్యటి గొంతు దాన్ని తన మాటలా పలుకుతుంది. హెడ్‌ఫోన్లకుండే మైకుల్ని కత్తిరించి మరీ ఇచ్చారు. చెవులుండాలి, నోరుండకూడదు.

వెనకాల మనిషి ఉన్నాడన్న అనుమానం రాకుండా టైపు చేయడమే వీళ్ల విద్య. దానికి గర్వపడ్డారు కూడా. "నిన్నొక ముసలాయన నాతో గంట వాదించాడ్రా. చివరికి 'యంత్రానివైనా బంగారుతల్లివమ్మా' అన్నాడు" అని, ఒకప్పుడు బస్సులో టిక్కెట్లు కొట్టిన కండక్టర్ తన బుర్రమీసం దువ్వుకుంటూ చెబితే అందరూ పగలబడి నవ్వారు. ఎవరు బాగా దాక్కుంటారని పందాలు వేసుకున్నారు. తమ గొయ్యి తామే తవ్వుకుంటున్నామని ఒక్కరికీ తట్టలేదు.

మౌని పక్క కుర్చీ వదినది. ఎవరి వదినో ఎవరికీ తెలియదు, అందరికీ వదినే. ఆ మధ్యాహ్నం వదిన తెర ఎర్రబడింది. స్టవ్ రిపేరు షాపుకి వచ్చిన ఫోను.

"వంటింట్లో గ్యాస్ వాసనొస్తోంది. పాప లోపల పడుకుంది. మీ మనిషిని తొందరగా పంపండి."

వదిన వేళ్లు పరిగెత్తాయి: "స్విచ్చులు ముట్టుకోకండి. ముందు పాపని తీసుకుని బయటికి వెళ్లిపోండి."

తెర మీద పసుపు గీత పడింది. అంటే అద్దాల గదిలోంచి సూపర్‌వైజరు ఆ మాటను ఆపేశాడన్నమాట. ఆపదల గురించి సలహాలివ్వకూడదు, ఇస్తే బాధ్యత కంపెనీ నెత్తికి చుట్టుకుంటుంది; అపాయింట్‌మెంటు ఇచ్చి పెట్టేయాలి. అదీ కట్టడి. వదిన మళ్లీ పంపింది. మళ్లీ పసుపు గీత. కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"సార్, వదలండి సార్ ఆ మాట! పసిపిల్ల సార్!"

"కూర్చోవమ్మా! మనది స్టవ్ షాపు, ఫైర్ స్టేషన్ కాదు."

ఈలోగా వదిన మాట అందని యంత్రం తనకు నేర్పిన మాటే తియ్యగా చెప్పేసింది. "రేపు ఉదయం పది గంటలకు మా మెకానిక్ వస్తారు. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

మౌని అంతా చూసింది. ఆ సమయానికి తను ఎవరికో పంటి నొప్పికి సమయం ఖాయం చేస్తోంది. లేవలేదు.

ప్రమాదమే అయితే ఆ గొంతు చెప్పేది కదా అనుకుందట తల్లి. వాకిట్లో పొరుగావిడతో మాట్లాడుతూ నిలబడింది. లోపల ఫ్రిజ్ మోటారు దానంతటది ఆన్ అయింది. ఆ ఒక్క నిప్పురవ్వ చాలింది. తల్లి మిగిలింది.

పోలీసులొచ్చారు. మా దగ్గర మనుషులే లేరని ఊరంతా చెప్పుకున్న కంపెనీ, వాళ్లకి మాత్రం ఒక మనిషిని చూపించింది. "యంత్రం ఆగింది. అందుకోవాల్సిన ఆడమనిషి కుర్చీలో లేదు, టీకి పోయింది." ఆపేసిన మాటల్ని యంత్రం ఎక్కడా దాచుకోదు. వదినను తీసుకెళ్లారు.

సూపర్‌వైజరు మౌనిని అద్దాల గదిలోకి పిలిచాడు. గొంతు తగ్గించాడు. "నిన్నూ అడుగుతారు. పక్క కుర్చీ ఖాళీగా ఉందని చెప్పు. నువ్వసలే మాట్లాడవు కదా, తలూపినా సరిపోతుంది. ఆవిడ చూసే షాపులు ఇకనుంచి నీవే."

మౌని తలూపింది. ఎంత తేలిగ్గా ఊగిందో ఆ తల! తనలో కూడా ఒక అద్దాల గది ఉందని, అందులో ఎవరో కూర్చుని లోపల్నుంచి వచ్చే ప్రతి మాటకీ పసుపు గీత గీస్తున్నారని ఆమెకి ఆ రోజు తెలిసింది.

మర్నాడు భోజనాల వేళ అందరూ మెట్ల మీద గుమిగూడారు. కింద నుంచి రబ్బరు వాసన.

"లాయరు దగ్గరికెళ్లాను" అన్నాడు కండక్టర్. "మొదటి ప్రశ్నే అది. అక్కడ అసలు మనుషులు పనిచేస్తున్నారని బయట ఎవరికైనా తెలుసా అని. నా మొహాన నెత్తురు చుక్క లేదు."

కాలేజీలో చదువుతూ ఇక్కడ పని చేసే అమ్మాయి లేచింది. "పని చేసేటప్పుడు మనం లేం. తప్పు జరిగితే మాత్రం ఉన్నాం. భలే ఉంది న్యాయం! రేపట్నుంచి మన దగ్గరికొచ్చే ప్రతి ఫోనుకీ చెబుదాం, మేం మనుషులం అని."

"పసుపు గీత గీస్తాడుగా?"

"ఒక్కరు రాస్తే గీస్తాడు. అందరం ఒకేసారి రాస్తే? ఆయనకున్నవి రెండు చేతులే."

"ఉద్యోగం ఊడుతుందే తల్లీ" అంది వెనక వరసలో పనిచేసే ఒకావిడ. "మా ఇంట్లో పొయ్యి నువ్వు వెలిగిస్తావా?"

పొయ్యి అన్న మాటకి ఎవరూ ఎవరి మొహమూ చూడలేకపోయారు. ఆ మాటన్న ఆవిడే ముందుగా కొంగు నోట్లో కుక్కుకుంది.

"దర్జీ సంగతేంటి? వాడూ మనలాంటోడే. వాడి బేరాలు పోవూ?" అన్నాడు ఇంకొకడు.

"దర్జీనీ మోసం చేశారు కదన్నా. మనిషి కష్టాన్ని యంత్రం పేరుతో అమ్మారు వాడికి. వాడికీ తెలియాలి" అంది కాలేజీ అమ్మాయి.

ఒక్కొక్క చెయ్యీ లేచింది. కొంగు నోట్లో పెట్టుకున్నావిడదీ లేచింది. మౌని చేతులు ఒళ్లో ఉన్నాయి.

"అక్కా, నువ్వు చూశావు కదా?" అడిగింది కాలేజీ అమ్మాయి.

మౌని నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

"వదిలెయ్యమ్మా, బెల్లం కొట్టిన రాయి" అన్నాడు కండక్టర్. కోపంగా కాదు, అలసటగా అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

తెల్లారింది. దుకాణాలు తెరిచే వేళకి గదిలో వానలా మొదలైంది కీబోర్డుల చప్పుడు. "నేను యంత్రాన్ని కాదండీ, మనిషిని. మాలో ఒకావిడను చెయ్యని తప్పుకి పట్టుకెళ్లారు." పసుపు గీతలు పడ్డాయి. మళ్లీ రాశారు. గీతల మధ్య నుంచి ఒక మాట జారింది, ఇంకో మాట జారింది. ఎక్కడో దర్జీ దుకాణానికి ఫోను చేసినవాళ్లు "ఏంటమ్మా, నిజమా?" అని అడిగారు. అద్దాల గదిలో సూపర్‌వైజరు చెమటలు కక్కుతూ ఒక తెర మీంచి ఇంకో తెర మీదికి దూకుతున్నాడు. కాపలావాళ్లొచ్చి కండక్టర్ కుర్చీని అతనితో సహా లాగారు. "ఆగండ్రా, వాక్యం పూర్తి కానివ్వండి!" అని అరుస్తూ ఒంటి చేత్తో టైపు చేశాడతను.

అప్పుడు మౌని తెర ఎర్రబడింది. స్టవ్ షాపు.

ఈసారి ఫోను చేసింది యంత్రమే. అపాయింట్‌మెంటు ఇచ్చిన ప్రతి ఇంటికీ తర్వాత చేసి అడగడం దానికి నేర్పారు. పాప పోయిన ఆ ఇంటికీ చేసింది. "మా మెకానిక్ సేవ మీకు నచ్చిందా?"

అవతలి నుంచి తల్లి మాటలు అక్షరాలుగా పడ్డాయి.

"ఆ రోజు చెప్పింది నువ్వేనా?"

దాని కింద ఇంకో వరస పడింది.

"కుర్చీలో ఎవరూ లేరన్నారు పోలీసులు. నిజంగా ఎవరూ లేరా? నా పిల్ల కోసం ఒక్క మనిషి కూడా లేవలేదా?"

మౌని వేళ్లు అలవాటుగా "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని రాసేశాయి. చూసుకుంది. ఒక్కో అక్షరమే చెరిపింది. తెర ఖాళీ అయ్యాక కళ్లు నిండి ఏమీ కనబడలేదు, అయినా రాసింది.

"లేచిందమ్మా. పాపని తీసుకుని బయటికి వెళ్లిపొమ్మని రాసింది. రెండుసార్లు రాసింది, వీళ్లు ఆపేశారు. లేచి నిలబడి అరిచింది. ఇప్పుడు పోలీసుల దగ్గరున్నది ఆవిడే. నేను పక్కనే కూర్చుని చూశాను. లేవనిది నేను."

అద్దాల గది వైపు చూసింది. సూపర్‌వైజరు రెండు చేతులూ కాలేజీ అమ్మాయి మాటల్ని ఆపడంలో ఉన్నాయి.

మౌని ఎంటర్ నొక్కింది.